మెడ మీద బిళ్ల అంటే టీబీ ఒక్కటే కాదు

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పిల్లవాడికి మెడ మీద బిళ్ల కట్టి, సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తుంటే ముందుగా వినిపించే మాట టీబీ. ఆ అనుమానంలో తప్పు లేదు. కానీ రాత్రి చెమటలు, బరువు తగ్గడం సహా అచ్చం ఇవే లక్షణాలతో వచ్చే జబ్బు మరొకటి ఉంది. అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్, పేరు హాడ్కిన్ లింఫోమా. వేళకు పట్టుకుని పూర్తి వైద్యం చేస్తే నూటికి 80 మందికి పైగా కోలుకుంటారు. ఇంతగా నయమయ్యే జబ్బు ఉన్న పిల్లవాడు, ముక్క పరీక్ష (బయాప్సీ) జరగని కారణంగా, నెలల తరబడి టీబీ మందులు మింగుతూ చిక్కిపోవడాన్ని మేము ఒప్పుకోలేం.

ఈ జబ్బు ఎవరికి, ఏ వయసులో వస్తుందన్నది ఆ సమాజం ఎలా బతుకుతోందన్న దాన్ని బట్టి మారుతుంది. 1971లో కొర్రేయా, ఓకానర్ అనే పరిశోధకులు వివిధ దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. పేద దేశాల్లో చిన్న పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువగా, పడుచు వయసువారిలో తక్కువగా కనిపించింది. సంపన్న దేశాల్లో పిల్లల్లో అరుదు, ఇరవైలలో ఉన్నవారిలో ఎక్కువ. మధ్యలో ఉన్న సమాజాల్లో రెండూ కలగలిసి ఉన్నాయి.

దీని వెనక ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాత్ర ఉంది. 1964లో ఆఫ్రికా పిల్లల దవడ కణితి కణాల్లో దీన్ని మొదట చూశారు. ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా దీన్ని ఎప్పుడో ఒకప్పుడు తెచ్చుకున్నవారే. ఇరుకు ఇంట్లో, ఎక్కువమంది పిల్లల మధ్య పెరిగితే పసితనంలోనే సోకుతుంది, చాలాసార్లు సోకినట్టే తెలియదు. చిన్న కుటుంబంలో, విడి గదిలో పెరిగిన పిల్లలకు టీనేజీ దాకా సోకకపోవచ్చు. ఆ వయసులో సోకితే చాలామందికి గొంతు నొప్పి, జ్వరం, బిళ్లలతో మోనోన్యూక్లియోసిస్ వస్తుంది. అది వచ్చినవారిలో తర్వాతి కొన్నేళ్లలో వైరస్ జాడ ఉన్న హాడ్కిన్ ముప్పు పెరుగుతుందని డెన్మార్క్, స్వీడన్ రికార్డుల ఆధారంగా 2003లో తేలింది. అమెరికా, ఐరోపాల్లో హాడ్కిన్ రోగుల్లో మూడో వంతు నుంచి 40 శాతం మంది కణాల్లోనే ఈ వైరస్ దొరుకుతుంది. మన దేశంలో పిల్లల కేసులు పరిశీలించిన అధ్యయనాల్లో అది 90 శాతానికి అటూ ఇటూగా ఉంది. సంపదతో పాటు తీరు మారుతుందనడానికి సింగపూర్ ఉదాహరణ: అది సంపన్నమవుతున్న దశాబ్దాల్లో అక్కడి పడుచువారిలో ఈ జబ్బు పెరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వైరస్ సోకినవారిలో ఈ క్యాన్సర్ వచ్చేది అతి కొద్దిమందికే. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. రోగి కంచం, గ్లాసు వేరుపెట్టే పని ఏ ఇంట్లోనూ చేయకండి.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. ఒడిశాలో ఒక్కో మహిళకు సగటు కాన్పులు 1992-93లో సుమారు 2.9 ఉండగా 2019-21 నాటికి 1.8కి దిగాయి. జేకేపూర్ కాగితం మిల్లు, సునాబెడలో హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం, దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం వచ్చాక వాటి కాలనీల్లో ఒకరిద్దరు పిల్లల ఇళ్లు మామూలైపోయాయి. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో ఒక్క గదిలో ఆరేడుగురు పడుకునే ఇళ్లూ ఉన్నాయి. అంటే పాత తీరు, కొత్త తీరు ఒకే ఓపీ ముందు లైను కడుతున్నాయి. ఎనిమిదేళ్ల కుర్రాడి మెడ మీది బిళ్లనూ, డిగ్రీ చదివే అమ్మాయి ఎక్స్‌రేలో ఛాతీ మధ్య కనబడే గడ్డనూ ఒకే శ్రద్ధతో చూడాల్సిన కాలం ఇది.

దీనికి కావాల్సింది పెద్ద యంత్రాలు కాదు. బిళ్లలోంచి సూదితో కణాలు తీసి చూసే పరీక్ష టీబీకి బాగానే పనికొస్తుంది, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షలో క్రిమి దొరికితే మందులు మొదలుపెట్టవచ్చు. క్రిమి దొరక్కుండా కేవలం అంచనా మీద మందులు ఇచ్చి, బిళ్ల తగ్గకపోయినా ఆరు నెలలూ అలాగే నడిపించడమే ప్రమాదం. టీబీ బిళ్ల కూడా మందుల మధ్యలో కొన్నాళ్లు ఉబ్బవచ్చు, నిజమే. అందుకే ఊహ కుదరదు. గ్రంథిని మొత్తంగా తీసి పాథాలజీకి పంపాలి, హాడ్కిన్ తేల్చడానికి సూదిలో వచ్చే నాలుగు కణాలు చాలవు. ఇది జిల్లా ఆసుపత్రి సర్జన్ చేయగలిగిన చిన్న ఆపరేషన్. ఆ ముక్క కొరాపుట్‌కో బరంపురానికో చేరి, రిపోర్టు రెండు వారాల్లో తిరిగి రావాలి.

వైద్యం సంగతికొస్తే, 1970లలో మిలాన్‌లో రూపొందిన నాలుగు మందుల కలయికే ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. రెండు వారాలకోసారి, అవసరాన్ని బట్టి ఆరు నెలల దాకా ఎక్కించాలి. వైద్యం కోసం విశాఖ రైలెక్కిన ప్రతిసారీ రోగికీ తోడు వచ్చినవారికీ రోజుల కూలి పోతుంది. డబ్బు అయిపోగానే సగంలో మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో ఉచిత కీమో పథకం ఉంది. అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు (పగలే మందు ఎక్కించి ఇంటికి పంపేవి) పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. రాయగడ, గజపతి, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలను ఆ వరసలో ముందు పెట్టాలని మేము కోరుతున్నాం. మొదటి డోసు పెద్దాసుపత్రిలో ఇచ్చినా మిగతావి ఇంటి దగ్గర్లో అందితే మధ్యలో మానేసేవారు తగ్గుతారు.

లెక్కల విషయం కూడా తేలాలి. క్యాన్సర్ కేసులను నమోదు చేసే జనాభా ఆధారిత రిజిస్ట్రీ తన పరిధిలో నివసించేవారినే లెక్కిస్తుంది. గుణుపురం రోగి విశాఖలో వైద్యం చేయించుకుంటే అక్కడి లెక్కలోకి రాడు. సొంత జిల్లాలో రిజిస్ట్రీ లేకపోతే ఇక్కడా ఉండడు. జబ్బు పిల్లల నుంచి పడుచువారి వైపు జరుగుతోందో లేదో ఇలాగైతే ఎవరికీ తెలియదు. విశాఖ ఆసుపత్రులు ఒడిశా చిరునామా ఉన్న ప్రతి లింఫోమా రోగి వయసు, ఊరు, జబ్బు రకం, వీలైతే ముక్కలో వైరస్ పరీక్ష ఫలితం రాసి, మూడు నెలలకోసారి ఆ జిల్లా ముఖ్య వైద్యాధికారికి పంపాలి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య కార్యదర్శులు కూర్చుని దీనికి ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి.