తోట ఒకవైపు, చిత్రకారులు మరోవైపు

1808లో ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ తన సొంత గ్యాలరీలో ఒక చిత్రం పెట్టాడు. థేమ్స్ మీద సాయంకాలపు వెలుగు. ముందువైపు పల్లె జనం, పక్కన నేలకూలిన చెట్టు మొద్దు. నది అవతల, దూరంగా, సగం కూల్చిన ఇల్లు. అది ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ ఇల్లు. లండన్ శివారు ట్వికెనమ్‌లోని ఆ విల్లాను బారనెస్ హౌ 1807లో కొని కూల్చివేయించింది. కవి ఉన్న చోటు చూడాలని వచ్చేవాళ్ల తాకిడికి విసిగి ఆ పని చేసిందంటారు. జనం ఆమెకు 'గోత్‌ల రాణి' అని పేరు పెట్టారు. రోమ్‌ను కొల్లగొట్టిన తెగతో పోలిక అన్నమాట.

నాకైతే ఆ తిట్టు కాస్త అన్యాయంగానే తోస్తుంది. 1744లో పోప్ చనిపోయాక ఇల్లు కొన్న సర్ విలియమ్ స్టాన్‌హోప్ దాన్ని అటూ ఇటూ పెంచాడు, తోటలో చెట్లు నరికించాడు. ఆ ఊళ్లోనే ఉన్న రచయిత హొరేస్ వాల్‌పోల్ 1760లోనే ఓ ఉత్తరంలో ఈ సంగతి రాసుకుని వాపోయాడు. అంటే పోప్ లోకం చెదిరిపోయిన అర్ధ శతాబ్దానికి గానీ గునపం పడలేదు. చెట్లు నరికితే రాని కోపం గోడలు కూలితే ఎందుకొచ్చింది? గోడలు బొమ్మల్లో ఉన్నాయి కాబట్టి అని నా అనుమానం.

పోప్ 1719లో ఇక్కడికొచ్చాడు. ఆయన క్యాథలిక్. లండన్‌కు 10 మైళ్ల లోపు క్యాథలిక్కులు ఉండకూడదని అప్పట్లో చట్టం. గ్రీకు మహాకవి హోమర్‌ను ఇంగ్లీషులోకి తెచ్చి సంపాదించిన డబ్బు చేతిలో ఉన్నా ఇల్లు లీజుకే తీసుకున్నాడు. ఇల్లు నది ఒడ్డున, తోట రోడ్డుకు అవతల. అందుకని రోడ్డు కింద నుంచి సొరంగం తవ్వించి, దాన్నే గవ్వలు, గాజు ముక్కలు, ఖనిజాలు పొదిగిన గుహగా మార్చాడు. గుహ తలుపులు మూస్తే నది, కొండలు, పడవలు గోడల మీద కదిలే బొమ్మలై కనిపిస్తాయని 1725లో ఒక మిత్రుడికి రాశాడు. ఫొటో ఇంకా పుట్టని రోజులవి!

సొరంగం దాటితే సుమారు 5 ఎకరాల తోట. వంకర దారులు, ఒక మట్టిదిబ్బ, చివర తల్లి జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభం. స్కేలు పెట్టి గీసినట్టుండే రాజుల తోటల మీద విసుగు నుంచి పుట్టిన తోట అది. తోటపని అంటే ప్రకృతి దృశ్యాన్ని చిత్రించడమే అని పోప్ అనేవాడు.

మరి ఆ తోటను ఎవరు గీశారు? దాదాపు ఎవరూ గీయలేదు. 1730లలో రైస్‌బ్రాక్, 1759 ప్రాంతంలో శామ్యూల్ స్కాట్, చివరికి టర్నర్, అందరూ నది వైపు నుంచే చూశారు. పడవలో వచ్చేవాడికి కనిపించేది ఇంటి ముఖమే, రోడ్డు వెనకాల తోట కాదు. మిగిలినవి విలియమ్ కెంట్ కలంతో గీసిన ఊహాచిత్రం, తోటమాలి జాన్ సెర్ల్ 1745లో అచ్చువేయించిన నక్షా. కెంట్ బొమ్మలోనూ పురాణ పాత్రలు దిగివచ్చి తోటను సగం కప్పేశాయి. స్టో, రౌషమ్‌లాంటి పెద్ద ఎస్టేట్లలో తోటలకు రూపమిచ్చినవాడు కూడా ఆ కెంటే. ఇంగ్లండ్ తోటల రూపు మార్చిన కవి ఆలోచన ఇంటి గోడల్లో లేదు, ఆ 5 ఎకరాల్లో ఉంది. జనం కన్నీళ్లు మాత్రం గోడల కోసమే.

అలా చూస్తే టర్నరే కాస్త నిజాయితీపరుడు. ఇంటిని దూరంగా, చిన్నగా పెట్టి, కాన్వాసులో ఎక్కువ భాగం నీళ్లకూ వెలుగుకూ వదిలాడు.

ఆనాటి తోట ఇప్పుడు లేదు. గుహ మాత్రం ఒక పాఠశాల ఆవరణలో, అదే రోడ్డు కింద, ఇంకా ఉంది.