గుంపు ముందా, క్యూఆర్ కోడ్ ముందా?

నిరుడు మేం ఐదుగురం కలిసి ఒక కథల సంకలనం వేశాం. ముగ్గురం హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో, ఇంకొకరు డాలస్‌లో. అచ్చు, కవర్ బొమ్మ, కొరియర్ అన్నీ కలిపి 90 వేలు కావాలని తేలింది. నలుగురి దగ్గరా తలా కొంత పోగుచేద్దామని (క్రౌడ్‌ఫండింగ్ అంటే అదే) గూగుల్ ఫామ్ ఒకటి, క్యూఆర్ కోడ్ ఒకటి తయారుచేసి తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లో పడేశాం. సాయంత్రానికి గ్రూపుల నిండా దణ్ణాలు, బొటనవేళ్లు, పూలగుత్తులు. వారం తిరిగాక ఫామ్ తెరిస్తే తొమ్మిది పేర్లు ఉన్నాయి. అందులో రెండు మావే.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను. మాలో ఒకాయన పన్నెండేళ్లుగా బ్లాగు రాస్తున్నాడు. ఏళ్ల తరబడి అక్కడ కామెంట్లు పెట్టిన వాళ్లకు, పోట్లాడిన వాళ్లకు కూడా, ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరంలాంటి మెయిల్ రాశాడు. పదిహేను రోజుల్లో అరవై మంది డబ్బు పంపారు. క్యూఆర్ కోడ్ అదే, ఫామ్ అదే. మారింది అడిగిన మనిషి.

క్రౌడ్‌ఫండింగ్ అనగానే మనం ఫండ్ మీద పడతాం, క్రౌడ్ సంగతి మర్చిపోతాం. 1976లో గుజరాత్ పాడిరైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుంటే 'మంథన్' సినిమా తయారైంది. ఆ రైతులు సినిమా కోసం పోగైనవాళ్లు కాదు. అప్పటికే సహకార సంఘాల్లో రోజూ పాలు పోస్తున్నవాళ్లు. అంతదూరం ఎందుకు, మన ఊళ్లోనే చూడండి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల్ని ఒకచోట చేర్చి 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఇంటర్నెట్ కాదు కదా, చాలా ఊళ్లకు సరైన రోడ్డు కూడా లేని కాలం. కానీ 1926 నుంచి ఆయన చేతిలో గోలకొండ పత్రిక ఉంది. అంటే ఎనిమిదేళ్లుగా చదివేవాళ్లు, రాసేవాళ్లు ఉన్నారు. పిలుపు వెళ్లడానికి దారి ముందే పడి ఉంది.

ఆ దారి వేసే పని ఇప్పుడు కష్టమైంది. ఒకప్పుడు తెలుగు బ్లాగులన్నీ 'కూడలి' అనే వెబ్‌సైటులో ఒకేచోట వరసగా కనిపించేవి. నిన్న రాసినవాడు కింద, ఇవాళ రాసినవాడు పైన, అంతే. పేరున్నవాడికీ పేరులేనివాడికీ ఒకటే లైను. మనం చదివే బ్లాగుల కొత్త పోస్టుల్ని ఒకచోట చూపించే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది, జనం ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. అక్కడ లింకు పెడితే పోస్టు ఎవరికీ కనబడదని భయం. అందుకే 'లింకు మొదటి కామెంటులో' అని రాసుకునే తిప్పలు. నా మటుకు నేను లైకుల కన్నా మెయిల్ అడ్రసుల జాబితానే నమ్ముతాను. మనవాళ్లు మెయిల్ తెరవరన్నది నిజమే. అయినా రెండు వందల అడ్రసుల్లో నలభై మంది తెరిచినా, ఆ నలభై మంది నిజంగా మనవాళ్లు.

కలిసి పనిచేసే పనిముట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గూగుల్ డాక్స్ చాలు. డాలస్‌లో ఆయన రాత్రి దిద్దితే మాకు పొద్దున కాఫీ వేళకు కనిపించేది. అసలు తంటా అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ దగ్గర. మేం ఫోన్లలో, నెట్‌లో అంతటా నడిచే యూనికోడ్‌లో రాశాం. చిక్కడపల్లిలో మా డీటీపీ ఆయన ఇప్పటికీ యూనికోడ్‌తో పొసగని పాత అను ఫాంట్ల మీదే పనిచేస్తాడు. కన్వర్టర్‌లో వేసేసరికి ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరానికి అతుక్కున్నాయి. ఒక కథలో 'అత్త' వచ్చిన ప్రతిచోటా 'అత' అయింది. నాలుగు ప్రూఫులు చూశాం. అదీ దగ్గర కూర్చుని, ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తూ.

ఇక డబ్బు. క్రౌడ్‌ఫండింగ్ కోసమే ఉన్న అమెరికా వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ 2009లో మొదలైంది. దానిలో నాకు నచ్చేది ఒకే నియమం: గడువులోగా లక్ష్యం అందకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. అందితే 5 శాతం తన వాటా, పేమెంట్ ఖర్చులు అదనం. కానీ మన దేశంలో ఉన్నవాళ్లు అక్కడ సొంతంగా ప్రాజెక్టు పెట్టలేరు. దాంతో మనకు మిగిలింది యూపీఐ. డబ్బు నిమిషంలో వచ్చి పడుతుంది, ఆ సుఖం వేరు. చిక్కల్లా ఆ నియమం మనమే పెట్టుకోవాలి, మనమే పాటించాలి. 'మొత్తం రాకపోతే తిరిగి ఇచ్చేస్తాం' అని మేం ఫామ్‌లో రాశాం. రాయకపోతే ఆ అరవై మందిలో సగం మంది పంపేవారు కాదని నా అనుమానం.

ఇంకో మెలిక విదేశాల్లో ఉన్నవాళ్లతో. అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు మన విదేశీ విరాళాల చట్టం దృష్టిలో విదేశీయులే. అందుకని విరాళం అన్న మాటే వాడలేదు మేం. పుస్తకానికి ముందస్తు ధర అన్నాం, ప్రతి ఒక్కరికీ పుస్తకం పంపాం.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఒక షీటు. ఎవరు ఎంత పంపారు, దేనికి ఎంత ఖర్చయింది, అందరూ చూసేలా తెరిచి పెట్టాం. గణేశ్ చందాకు వచ్చే బస్తీ కుర్రాళ్లకు రసీదు పుస్తకం చూసి డబ్బులివ్వం. మండపం మన వీధిలోనే, రేపు కంటికి కనబడుతుందని ఇస్తాం. ఇంటర్నెట్‌లో వీధి లేదు కాబట్టి షీటు పెట్టాల్సి వచ్చింది. కవర్ బొమ్మకు అంత అయిందా అని ఒకాయన అడిగాడు కూడా. బిల్లు ఫొటో పెట్టాం.

ఫామ్‌లో మేం ఇచ్చినవి మూడే ఆప్షన్లు: 500, 1,000, 2,000. వచ్చినవాటిలో మాత్రం కొన్ని 516లు, 1,116లు. శుభమా అని మొదలుపెట్టే పనికి గుండుసున్నాతో ఎలా ఇస్తామని ఒకావిడ ఫోన్ చేసి మరీ మందలించింది. చివర్లో ఆ పదహార్లన్నీ కూడితే ఏడొందల పైచిలుకు తేలింది. ఏ పద్దులో వేయాలో తెలియక షీటులో 'పదహార్లు' అని ఒక వరస చేర్చాం. కొరియర్‌లో తిరిగొచ్చిన పుస్తకాల్ని మళ్లీ పంపడానికి అవి సరిపోయాయి.