హార్డ్ క్రోమ్ పూత గారికి ఆటోనగర్ నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ హార్డ్ క్రోమ్ పూత గారికి, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లేత్ షెడ్డు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు అక్కడ క్షేమమని తలుద్దామంటే మాత్రం మనసొప్పడం లేదు.

నిన్న క్వారీ నుంచి ఒక పొక్లెయిన్ రాడ్ వచ్చింది. ఆయిల్ సిలిండర్‌లోంచి బయటికీ లోపలికీ జారే ఇనుప కడ్డీ అది, దాని మీద మెరిసే క్రోమియం తొడుగు తమరు. రాయి తగిలిన చోటల్లా తమరు లేచిపోయారు. గోరు పెట్టి లాగితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. పైవైపు నా ముఖం కనబడుతోంది, కిందవైపు మసక బూడిదరంగు. అంచు తగిలితే వేలు తెగేలా ఉంది. ఆ అంచే ఆయిల్‌ని ఆపే సీల్‌ని కోసి, సిలిండర్‌లో ఆయిలంతా కార్చేసింది. మెరుపు మాత్రం ఇసుమంత తగ్గలేదండోయ్. పైన పటారం, లోన లొటారం అన్న మాట పెద్దవాళ్లు తమరి కోసమే దాచిపెట్టారేమో.

తమరి గట్టిదనానికి వంక పెట్టను. వికర్స్ కొలతలో 800 పైమాటే. కింద ఉన్న ఇనుము 200 దగ్గర ఆగిపోతుంది. మందం చూస్తే 20, 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మనిషి వెంట్రుకంత కూడా ఉండరు. ఇంత గట్టివారు అంత మెత్తవాడి నెత్తినెక్కి కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడాలేమీ లేవు, పెళ్లిలోనే మాటలు పడిపోయిన వియ్యంకుల్లా. వేడెక్కితే ఇనుము సాగిన దాంట్లో తమరు సాగేది సగమే. బెజవాడ ఎండల గురించి తమరికి నేను చెప్పాలా?

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే 1882లో హైన్రిక్ హెర్ట్జ్ అనే జర్మన్ వేసిన లెక్క పట్టుకోవాలి. రెండు గుండ్రటి వస్తువులు నొక్కుకుంటే, లోహాన్ని జరిపేసే కోత ఒత్తిడి ఉపరితలం మీద కాదు, కొంచెం లోతున ఎక్కువగా ఉంటుంది. అవి రెండూ ఆనిన చోట పడే గుండ్రటి మచ్చ వ్యాసార్ధంలో సుమారు సగం లోతున. మచ్చ వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. అసలు దెబ్బ 50 మైక్రాన్ల కింద తగులుతుంది. తమరేమో 30కే అయిపోయారు! రాయి పడింది తమరి మీద, నలిగింది ఇనుము. అది సొట్టపోయాక కింద ఆసరా లేక తమరు పగిలారు. నెపం మాత్రం పూత వేసే ప్లేటింగ్ కుర్రాడి మీద. ఒక్కోసారి వాడు జిడ్డు సరిగా కడగని మాటా నిజమే అనుకోండి, ఆ పంచాయితీ వేరే.

తమరికి రుచించని కబురొకటి. జపాన్‌లో 1984 ప్రాంతంలో అంతరిక్ష విమానం కోసం తలలు పట్టుకున్నారు. బయట 2000 కెల్విన్ల వేడి, లోపల 1000, మధ్యన మందం 10 మిల్లీమీటర్ల లోపే. లోహం మీద సిరామిక్, అంటే పింగాణీ లాంటి పూత వేస్తే అతుకు దగ్గర ఊడుతుంది. అందుకని అతుకునే ఎత్తేశారు. బయట పూర్తిగా సిరామిక్, లోపల పూర్తిగా లోహం, నడుమ పాళ్లు కొద్దికొద్దిగా మారుతూ పోతాయి. ఫంక్షనల్లీ గ్రేడెడ్ మెటీరియల్స్ అన్నారు వాటిని. ఆ తర్వాత, మద్రాసు ఐఐటీలో చదివి అమెరికా వెళ్లిన సుబ్రా సురేష్, ఆయన తోటివాళ్లు ఇంకో సంగతి చూపించారు. పైన కాస్త ఒదిగే గుణం ఉండి, లోపలికి పోయేకొద్దీ బిగుసుకునే సిరామిక్‌ని గుండుతో నొక్కితే, మచ్చ అంచు చుట్టూ మామూలుగా వచ్చే పగుళ్లు రాలేదు. పైన ఉన్నవాడే గట్టివాడై ఉండాలన్న రూలు లేదన్నమాట. తమరు కాస్త కూర్చుని మంచినీళ్లు తాగండి.

అంత దూరం ఎందుకు, మా పక్క షెడ్డులో గేరు పళ్లున్నాయి. 900 డిగ్రీలు దాటిన కొలిమిలో గంటల తరబడి కార్బన్ పట్టిస్తే, పైన 0.8 శాతం దాకా ఎక్కి, ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్లేసరికి మెల్లగా 0.2కి దిగుతుంది. అతుకే లేదు, ఇక ఊడేదేముంది? నల్లగా, నూనె పూసుకుని మూలన పడి ఉంటాయి. వాటికి ఎవరూ ఫొటో తీసి స్టేటస్ పెట్టరు.

అలాగని తమరిని పనిలోంచి తీసేస్తాననుకోకండి. సీల్ కింద నున్నగా జారడంలో తమరికి సాటి దొరకడం కష్టం. నా కోరిక చిన్నది. ఈసారి తమరు ఎక్కేలోగా కింద ఇనుముకు ఇండక్షన్ హార్డెనింగ్, అంటే కరెంటు చుట్టతో పైపైన వేడెక్కించి గబుక్కున చల్లార్చి గట్టిపరచడం, చేయనివ్వండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు గట్టిపడితే, హెర్ట్జ్ గారి లెక్క చూపించే చోటు అందులోనే ఇమిడిపోతుంది. ఈ మాటే ఓనర్ గారితో అన్నాను.

"లోపల చేసింది ఎవడికి కనబడుతుందయ్యా? ఆ డబ్బులతో ఇంకాస్త మెరుపు కొట్టించు" అన్నారు.

రాడ్ శనివారం ప్లేటింగ్‌కి వెళ్తోంది. ముస్తాబై ఉండగలరు.

ఇట్లు,
తమరి పెచ్చులు ఏరుకునే లేత్ మేస్త్రి