హోకస్ పోకస్: పూజలో మాటా, గారడీవాడి పేరా?

వాది: మీ నిఘంటువులో ఈ మాట పుట్టుక ఇలా రాయండి. కనికట్టుకీ, కళ్లుగప్పే మోసానికీ ఇంగ్లీషువాళ్లు వాడే ‘హోకస్ పోకస్’ చర్చిలో పుట్టిందండీ. కేథలిక్ దివ్యబలి పూజలో ఫాదరు అప్పం పట్టుకుని లాటిన్‌లో ‘హోక్ ఎస్ట్ కోర్పుస్ మేఉమ్’, ‘ఇది నా శరీరం’ అనేవాడు. అప్పం క్రీస్తు దేహమవుతుందని వాళ్ల విశ్వాసం. ఒకటి ఇంకొకటిగా మారే చోటి మాట కాబట్టే గారడీవాళ్లు వెక్కిరింపుగా ఎత్తుకున్నారు. 1691లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయిన జాన్ టిలట్‌సన్ రాసిందీ ఇదే.

ప్రతివాది: ఆయన ‘బహుశా’ అన్నాడు, మీరది వదిలేశారు. పైగా ఆయన ప్రొటెస్టెంటు. కేథలిక్ పూజ గారడీయేనని ఎండగట్టడానికి ఈ మాట తెచ్చాడు. అప్పటికే ఇది పాతది. 1634లోనే ‘హోకస్ పోకస్ జూనియర్’ అని గారడీ నేర్పే పుస్తకం అచ్చయింది.

వాది: పాతదైతే ఏం? ఆ రెండింటి ధ్వని ఒకటే కదా!

ప్రతివాది: ధ్వనే చూద్దాం. పూజలో అసలు వాక్యం ‘హోక్ ఎస్ట్ ఎనిమ్ కోర్పుస్ మేఉమ్’. మధ్యలో ఆ ‘ఎనిమ్’ అడ్డం. అదీ ఫాదరు గొంతు తగ్గించి పలికేది. ఇంగ్లండులో ఆరాధన 1549లోనే ఇంగ్లీషులోకి మారింది. మేరీ రాణి ఏలిన 1553-58లో తప్ప లాటిన్ తిరిగి రాలేదు. 1620ల్లో సంతకొచ్చిన మనిషి ఎన్నడూ వినని మాటకి వెక్కిరింపు ఎలా పసిగడతాడు?

వాది: బడిలో లాటిన్ చదివినవాళ్లు లేరా? స్కాండినేవియాలో ‘హోకస్ పోకస్ ఫిలియోకస్’ అంటారు. విశ్వాస ప్రమాణంలోని ‘ఫిలియోక్వే’, అంటే ‘కుమారుని నుండియు’, అందులో వినపడటం లేదూ?

ప్రతివాది: వినపడుతోంది, మీ వాదనలో గట్టిది అదే. కానీ ఆ తోక తర్వాత తగిలించిందీ కావచ్చు. 1656లో ఇంగ్లీషు రచయిత థామస్ ఆడీ రాసింది చూడండి. ఇంగ్లండును 1625 దాకా ఏలిన జేమ్స్ రాజు కాలంలో ఒక గారడీవాడు తనను ‘రాజుగారి హోకస్ పోకస్’ అని చెప్పుకునేవాడట. ప్రతి ఆటకీ ‘హోకస్ పోకస్, టోంటుస్ టలోంటుస్, వాదే సెలెరితేర్ జుబేఓ’ అనేవాడు. చివరి మూడే లాటిన్: ‘త్వరగా పో, నా ఆజ్ఞ’. ముందున్నదంతా ప్రాస.

వాది: అర్థం లేని ప్రాస దేనికండీ?

ప్రతివాది: చేతికోసం. గిన్నెలాటలో 3 గిన్నెలు, జనానికి కనిపించే 3 బెండు ఉండలు, వేళ్ల మడతలో దాచిన నాలుగోది. గిన్నె బోర్లించే అరక్షణంలో అది లోపలికి జారాలి, చూపు మొహం మీద ఉండాలి. మాట ముందే అయిపోతే చూపు చేతికి తిరిగొస్తుంది. ఆలస్యమైతే అప్పటికే ఉండ కనబడిపోతుంది. అవి చూసేవాళ్ల కళ్లు కప్పే మాటలేనని ఆడీ కూడా రాశాడు. మన ‘కనికట్టు’ అచ్చం అదే!

వాది: ఆ గారడీవాడికి పేరెక్కడ తట్టింది? చర్చి నుంచి కావచ్చుగా?

ప్రతివాది: కావచ్చు.

వాది: అయితే నిఘంటువులో ‘బహుశా’ చేర్చి నా వాదన ఉంచండి.

ప్రతివాది: ఉంచుతాను. ఆడీ వాక్యం దానికి పైన ఉంటుంది.