రోబోని కలుపుకుంటే మనం ఎంతమందిమి?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఆదివారం సాయంత్రాలు మేం ట్రావెలర్ ఆడుతుంటాం, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్. అంతరిక్షంలో తిరిగే కథ, డైస్, పెన్సిళ్లు, కాగితాలు, అంతే. ఆమధ్య మావాడొకడు రోబో క్యారెక్టర్ చేసుకొచ్చాడు. దాని వివరాలు రాసుకున్న షీట్ చూస్తే బోలెడు బలం, మందపాటి కవచం, చేతికి గన్ను, ఆకలీ నిద్రా లేవు. మూడు వారాలు ఆడాం, అందులో ఒక్క సీను కూడా నాకు గుర్తులేదు. వాడి తప్పు కాదు, రోబో అనగానే మనమందరం సామాన్ల లిస్టే రాస్తాం.

1977లో వచ్చిన ఈ గేమ్‌లో మనిషి క్యారెక్టర్ ఎలా తయారవుతాడో చూడండి. రెండేసి డైస్ వేసి ఆరు లక్షణాలు తేల్చుకున్నాక నేవీలోనో, ఆర్మీలోనో, వ్యాపార ఓడల్లోనో నాలుగేసి ఏళ్ల టర్ములు సర్వీస్ చేయిస్తాం, పాత రూల్స్‌లో అయితే ఇంకా ఆట మొదలవ్వకుండానే ఆ సర్వీస్‌లో చచ్చిపోవచ్చు కూడా. అంటే ఆటలోకి వచ్చేసరికే వాడికో గతం ఉంటుంది. రోబోలని డిజైన్ చేసుకోడానికి 1986లో విడిగా పుస్తకమే వేశారు, కానీ గతం మాత్రం మనమే ఇవ్వాలి.

యంత్రానికి గతం ఎలా ఉంటుందో వైజాగ్ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు, ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది కదా. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన సబ్‌మెరైన్, మరుసటేడు నుంచి మ్యూజియం. 31 ఏళ్లంటే దగ్గరదగ్గర ఎనిమిది టర్ములు! లోపలికెళ్తే ఆ ఇరుకు, ఆ పైపులు, ఆ వాల్వులు, ఏ పని కోసం పుట్టిందో దాని ఒంట్లోనే కనిపిస్తుంది.

అందుకే షీట్ చించేసి మళ్లీ మొదలెట్టాం. ఈసారి రోబో, ఓడల పైతొడుగుకి పగుళ్లొచ్చాయేమో వెతికే డాక్ పనిది. చీకట్లో వెంట్రుకంత పగులు కూడా పట్టేస్తుంది గానీ మనుషుల మొహాలు దానికి ఆనవు, అడుగుల చప్పుడు బట్టి గుర్తుపడుతుంది. పాత డాక్ సూపర్‌వైజర్ గొంతు వినబడితే ఏ పనిలో ఉన్నా ఆగిపోతుంది. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే 1920లో కారెల్ చాపెక్ నాటకంతో లోకానికి తెలిసిన ఈ రోబో అనే మాట, వెట్టిచాకిరీ అని అర్థమున్న చెక్ మాట నుంచే పుట్టింది. ఎవరి మాట కాదనలేదో తెలియకపోతే ఆ క్యారెక్టర్ ఇంకా తయారవ్వనట్టే.

దెబ్బలు కూడా అంతే, పార్టు మార్చేస్తే బాగైపోతుందంటే ఇక ఆటలో భయమే ఉండదు. మేం ప్రతి పెద్ద రిపేరుకీ దాని జ్ఞాపకం ఒకటి చెరిపేస్తున్నాం.

తెలుగులో ఆడితే ఇంకో సంగతి తెలుస్తుంది. 'వచ్చింది' అంటే సరిపోతుంది, యంత్రానికైనా ఆడమనిషికైనా అదే మాట. లెక్కపెట్టేటప్పుడే చిక్కు, మనుషులైతే నలుగురు, వస్తువులైతే నాలుగు. కొన్ని వారాలు 'మేం ముగ్గురం, ఒక రోబో' అనే అనుకున్నాం.

పోయిన ఆదివారం మా ఓడ బద్దలైంది. తప్పించుకునే పాడ్‌లో మూడే సీట్లు, వెనకాల సామాన్ల అర. రోబోని అందులో పెట్టేద్దామని రిఫరీ, అంటే ఆట నడిపించేవాడు, అంటుండగానే, ఇంజనీర్‌గా ఆడే అమ్మాయి 'మనం నలుగురం, సీట్లు మూడే' అంది. ఎవరు వెనక్కెళ్లాలని అరగంట వాదించుకున్నాం, రోబో మాత్రం పాడ్ గోడకి పగులేమైనా ఉందా అని తడుముతూ కూర్చుంది.