మహారాజశ్రీ రిలీజ్ క్లాజ్ గారికి

మహారాజశ్రీ 222 మిలియన్ యూరోల రిలీజ్ క్లాజ్ గారి సముఖానికి,

హైదరాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చివాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమే అయివుంటారు. కాంట్రాక్టు మధ్యలో ఆటగాణ్ణి క్లబ్ నుంచి విడిపించే సొమ్ము కదా తమరు, అంకెలకి జ్వరాలూ జబ్బులూ ఉండవు. మీతో పాటు స్పెయిన్ నుంచి ఫ్రాన్స్‌కి ప్రయాణం చేసిన నెయ్‌మార్ అనే బ్రెజిల్ కుర్రాడి కుడి పాదం, ఎడమ మోకాలు మాత్రం అంత క్షేమంగా లేవని అడపాదడపా తెలుస్తూనే ఉంది.

ఉత్తరం అతనికి రాయకుండా మీకెందుకు రాస్తున్నానంటారా? అతని గురించి ఎక్కడ ఎవరు మాట్లాడినా మొదటి వాక్యంలో మీరే ఉంటారు. గోల్స్ సంగతి మూడో వాక్యంలో వస్తుంది, అదీ టైమ్ ఉంటే. మా ఆఫీసులో క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని పెద్దాయన ఒకరున్నారు. నెయ్‌మార్ ఏ కాలితో కొడతాడో ఆయనకి తెలీదు. పేరు వినగానే "ఆ పదహారు వందల కోట్ల కుర్రాడు కదూ" అంటారు. దాంతో నాకు నమ్మకం కుదిరిపోయింది. విదేశాల్లో కెరీర్ వెలగబెట్టింది మీరు. అతను మీ పెట్టెలు మోసుకుంటూ వెనకాల వచ్చాడు.

మీ పుట్టుక సామాన్యమైంది కాదు. 2016 అక్టోబర్‌లో బార్సిలోనా క్లబ్ అతనితో 2021 దాకా కొత్త కాంట్రాక్టు రాసుకున్నప్పుడు 200 మిలియన్ల బరువుతో పుట్టారు. రెండో ఏట 222, మూడో ఏట నుంచి 250 అని జాతకం కూడా అప్పుడే రాసేశారు. మా ఇంటి ఓనరు ఏటా అద్దె పెంచుతాడు కానీ ఇంత ముందుచూపు ఆయనకీ లేదు. స్పెయిన్‌లో 1985 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఆటగాడు పరిహారం కట్టేసి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. ఆ పరిహారం ఎంతో ముందే కాగితం మీద రాసుకుంటారు, అదే తమరు.

మా వైపు ఊళ్ళలో రోడ్డు పక్క స్థలం ఉన్న పెద్దమనుషులు కొందరుంటారు. అమ్మే ఉద్దేశం ఉండదు, లేదని చెప్పడానికి మొహమాటం. ఎవరడిగినా "గజం లక్ష" అంటారు. వచ్చినవాడు మజ్జిగ తాగి వెళ్ళిపోతాడు. బార్సిలోనా వాళ్ళూ అదే చేశారు. అప్పటికి ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన బదిలీ పోగ్బాది, 105 మిలియన్లు. దానికి రెట్టింపు పైన చెబితే ఇంకెవడొస్తాడులే అనుకున్నారు. ఖతార్ సొమ్ముతో నడిచే పారిస్ క్లబ్బు కారు దిగి, మజ్జిగ కూడా ముట్టకుండా, "లక్షేనా? రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?" అంటుందని కలలో కూడా అనుకోలేదు.

మీకన్నా ముందు మీ వంశంలో పెద్దలున్నారు, వాళ్ళని తలుచుకోకపోతే బాగుండదు. నెయ్‌మార్‌కి 17 ఏళ్ళప్పుడు, బ్రెజిల్‌లో సాంతోస్ క్లబ్‌లో ఉండగానే, డీఐఎస్ అనే అక్కడి పెట్టుబడి సంస్థ అతని మీద 40 శాతం బదిలీ హక్కులు కొనుక్కుంది. మనిషిలో 40 శాతం అంటే ఎంత వస్తుందో నేను చాలాసార్లు లెక్కేశాను. ఒక కాలు, ఒక భుజం, కాస్త జుట్టు రావాలి. 2013లో బార్సిలోనా అతన్ని 57.1 మిలియన్లకి కొన్నామని చాటింపు వేసింది. అందులో 40 మిలియన్లు అతని అమ్మానాన్నల కంపెనీకి వెళ్ళాయి, సాంతోస్‌కి 17.1. వాటాదారు డీఐఎస్‌కి ఆ 17.1లో 40 శాతం, అంటే 6.8 మిలియన్లు ఇచ్చారు. మామిడితోటలో వాటా కొన్నవాడికి టెంకలు లెక్కపెట్టి ఇచ్చినట్టయింది. బార్సిలోనా క్లబ్ సభ్యుడొకడు లెక్కలేవని కోర్టుకెళ్ళాడు. 2014 జనవరిలో ప్రెసిడెంట్ సాండ్రో రోసెల్ రాజీనామా చేశాడు, మర్నాడు క్లబ్బు లెక్క 86.2 మిలియన్లకి చేరింది. రాత్రికి రాత్రి 29 మిలియన్లు పెరిగే పంట ఇంకే నేలలో పండుతుంది? పన్ను కేసులో క్లబ్బు 5.5 మిలియన్ల జరిమానా ఒప్పుకుంది. వాటాదారు వేసిన కేసు మాత్రం 2022 డిసెంబర్ దాకా సాగి, అందరూ నిర్దోషులని తేలింది. అప్పటికి మన కుర్రాడు ఇంకో దేశంలో ఆరో సీజన్ ఆడుతున్నాడు.

మీకు ఆసక్తి లేకపోయినా, ఆట గురించి కూడా ఒక్క మాట చెప్పనివ్వండి.

2017 మార్చి 8. మాకు తెల్లవారితే 9. అమీర్‌పేటలో రూమ్. రూమ్మేట్‌కి పొద్దున ఆరింటికి షిఫ్టు, అంచేత టీవీ సౌండు సున్నా. ఛాంపియన్స్ లీగ్ అనే యూరప్ క్లబ్బుల పోటీలో, పారిస్ క్లబ్బు చేతిలో మొదటి మ్యాచ్ 4-0తో ఓడిన బార్సిలోనా రెండోదాంట్లో సొంత మైదానంలో మూడు రాబట్టింది, అంతలో పారిస్ ఆటగాడు కవానీ ఒకటి తిరిగి కొట్టేశాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి గెలవాలంటే ఇంకా మూడు కావాలి. పడుకుందామని రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. 88వ నిమిషంలో నెయ్‌మార్ ఫ్రీకిక్ గోడ మీదుగా తిరిగి పైమూలలో పడింది. 91లో పెనాల్టీ, అదీ అతనే. 95లో బంతి మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది. అందరిలా బాదేయకుండా ఒకణ్ణి తప్పించి, ఎడమ కాలితో మెత్తగా లేపాడు. సెర్జీ రాబర్టో కాలు చాచాడు. 6-1. నేను పెట్టిన కేకకి రూమ్మేట్ లేచి, గ్యాస్ లీకయిందనుకుని కిటికీలు తెరిచాడు.

మర్నాడు ప్రపంచమంతా తిరిగిన ఫొటో మెస్సీది, హోర్డింగ్ ఎక్కి జనం మధ్య పిడికిలి బిగించి. మెస్సీ తప్పేం లేదు, కెమెరా ఎటు తిరిగితే అటే పెళ్ళికొడుకు. ఆ నీడలోంచి బయటపడదామనే మన కుర్రాడు వెళ్ళాడని అందరూ అన్నారు. వెళ్ళి వెళ్ళి మీ నీడలో పడ్డాడు. అది మెస్సీ నీడ కన్నా పొడుగు.

ఆ రాత్రి చావుదెబ్బ తిన్న పారిస్ క్లబ్బే, ఐదు నెలలు తిరక్కుండా కొట్టినవాణ్ణి అల్లుడిగా తెచ్చుకుంది. జూలై 23న బార్సిలోనా సహచరుడు జెరార్డ్ పీకే అతనితో ఫొటో పెట్టి "ఉంటున్నాడు" అన్నాడు. పదకొండు రోజులున్నాడు. ఆగస్టు 3న డబ్బు కట్టబోతే స్పెయిన్ లీగ్ లా లిగా వాళ్ళు పుచ్చుకోము పొమ్మన్నారు. లాయర్లు నేరుగా క్లబ్బుకెళ్ళి కట్టారు. నిబంధన ప్రకారం మిమ్మల్ని కట్టాల్సింది ఆటగాడే. ఒక మనిషి తన ధర తనే కట్టుకుని, తనని తనే విడిపించుకుని, వెంటనే ఇంకొకరికి అప్పజెప్పుకోవడం అనే ఈ తతంగం కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. పారిస్‌లో ఈఫిల్ టవర్ మీద దీపాలు పెట్టి స్వాగతం చెప్పారు. అవి మీకే, మొహమాటపడకండి.

తరవాతి ఆరేళ్ళు మీ వైభవమే. సెప్టెంబర్‌లో లియాన్‌తో మ్యాచ్‌లో పెనాల్టీ ఎవరు కొట్టాలని కవానీతో పేచీ. 222 మిలియన్లవాడు అడిగితే బంతి ఇవ్వొద్దా అని సగం మంది, ఎంతైతే మాత్రం అని మిగతా సగం. 2018 ఫిబ్రవరిలో కుడి పాదం ఎముక విరిగింది. 2019 జనవరిలో మళ్ళీ అక్కడే. రెండుసార్లూ ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్ ముంగిట. అతని కాలు మ్యాచ్‌ల పట్టిక చూసి విరుగుతుందని నేనే జోకులు వేశాను, ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

రష్యా ప్రపంచకప్‌లో దొర్లుడు మీరూ చూసే ఉంటారు. నేల మీద దాదాపు 14 నిమిషాలు ఉన్నాడని స్విస్ టీవీ వాళ్ళు లెక్క తేల్చారు. తొలి మ్యాచ్‌లో అతన్ని 10 సార్లు ఫౌల్ చేసిందెవరు? స్విట్జర్లాండే. పడేసిందీ వాళ్ళే, పడున్న టైమ్ లెక్కపెట్టిందీ వాళ్ళే. వాచీల దేశం కదా. ఇంకొకడు పడితే దెబ్బ తగిలిందేమో అంటారు. మిమ్మల్ని మెళ్ళో కట్టుకున్నవాడు పడితే నటన అంటారు. పదహారు వందల కోట్ల కాలికి నొప్పి పుట్టడం అన్యాయమని జనం అభిప్రాయం.

పారిస్‌లో 173 మ్యాచ్‌లు, 118 గోల్స్, ఐదు లీగ్ టైటిళ్ళు. ఇంకొకడికైతే ఈ లెక్క చాలు, ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు. మీ వల్ల అది బకాయిలా కనిపిస్తుంది. మ్యాచ్‌కి 12.8 లక్షల యూరోలు పడిందని భాగహారం చేసి చూపిస్తారు. 2020లో లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా లాక్కొచ్చాడు, జర్మనీ క్లబ్బు బయర్న్ చేతిలో 1-0తో పోయింది.

ఇంతకీ మీరు బార్సిలోనా చేతికొచ్చాక ఏమయ్యారో గుర్తుందా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నెలలు తిరక్కుండా డెంబెలే, కుటీన్యో అనే ఆటగాళ్ళ మీద కరిగిపోయారు. కుటీన్యో కూడా బ్రెజిల్‌వాడే. అతన్ని బయర్న్‌కి అద్దెకిస్తే, 2020లో బార్సిలోనా 8-2తో చిత్తయిన రాత్రి, ఆఖర్న సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ కొట్టాడు, సొంత ఓనర్ల మీద. డెంబెలే సంగతి ఇంకా బాగుంది. తిరిగి తిరిగి పారిస్ చేరాడు. 2025లో ఆ క్లబ్బు మొదటిసారి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది, ఫైనల్లో ఇంటర్ మీద 5-0. జట్టులో నెయ్‌మార్ లేడు, మధ్యలో అక్కడికి వచ్చివెళ్ళిన మెస్సీ లేడు, ఎంబాపే లేడు. మీరు కొన్న డెంబెలే ఉన్నాడు. అంటే ఒక రకంగా కప్పు మీరే తెచ్చారు. సన్మానం ఎవరికి చెయ్యాలో వాళ్ళకి తోచినట్టు లేదు.

ఇక సౌదీ కథ. 2023 ఆగస్టులో అల్ హిలాల్ అతన్ని తీసుకుంది. అదే నెల ఆసియా ఛాంపియన్స్ లీగ్ డ్రాలో ముంబై సిటీ అదే గ్రూపులో పడింది. నవంబర్ 6న నవీ ముంబైలో మ్యాచ్. నెయ్‌మార్ మన దేశంలో! వేదిక తెలిసిన రాత్రే మా బావమరిదికి ఫోన్ చేశాను. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు థర్డ్ ఏసీ టికెట్లు, కళ్యాణ్‌లో దిగి వెళ్ళొచ్చని ప్లాను. పులిహోర ఎవరు చెయ్యాలో కూడా అనుకున్నాం. అక్టోబర్ 17న మాంటెవిడియోలో, బ్రెజిల్ తరఫున ఉరుగ్వేతో మ్యాచ్‌లో ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. స్ట్రెచర్ మీద మొహం కప్పుకుని వెళ్తున్నవాణ్ణి చూసి బావమరిది అన్న మాట: "బావా, క్యాన్సిల్ చేసెయ్, ఇప్పుడే అయితే తక్కువ కట్ అవుతుంది." మొత్తం మీద సౌదీ క్లబ్బు తరఫున ఏడు మ్యాచ్‌లు, ఒక గోల్.

2025 జనవరి ఆఖర్న అతను సాంతోస్‌కి తిరిగెళ్ళాడు. అప్పుడు కట్టిన బదిలీ రుసుము సున్నా. మీకు బాధ కలిగే విషయం రాస్తున్నందుకు మన్నించండి. ఆ ఏడాది క్లబ్బు కింది డివిజన్‌కి జారిపోయే ప్రమాదంలో ఉంటే, డిసెంబర్‌లో దెబ్బతిన్న మోకాలితోనే దిగి జువెంచూడ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. సాంతోస్ గట్టెక్కింది. ఆ మూడు గోల్స్ ఒక్కోటీ ఎంతకి పడిందని ఎవరూ భాగహారం చెయ్యలేదు, సున్నాని మూడుతో ఎలా భాగించినా సున్నాయే కాబట్టి.

మీ తమ్ముళ్ళంతా వృద్ధిలోకి వచ్చారని విన్నాను. బార్సిలోనా ఆటగాడు పెద్రీ కాంట్రాక్టులో ఉన్నాయన 1,000 మిలియన్లట. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. టికెట్ క్యాన్సిల్ చేసినందుకు రైల్వే వాళ్ళు మనిషికి 180 రూపాయలు, పైన జీఎస్టీ పట్టుకున్నారు. ఇద్దరివీ కలిపి ఎవర్ని అడగాలో తెలియజేయగలరు. బావమరిది వాటా 50 శాతం.