నిమ్మకాయతో మార్బుల్ మెరవదు బాబాయ్

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. ముందు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత నెల్లూరు చుట్టాల గ్రూపులో, చివరికి ఇక్కడే చెన్నైలో, మెడవాక్కంలో ఇల్లు కట్టుకుంటున్న మా బాబాయి దగ్గర్నుంచి, అదీ "చూడరా, ఎంత బాగా రాశారో" అన్న మాటతో. పైన "మార్బుల్ వేయించే ముందు తప్పక చదవండి", కింద "పదిమందికి పంపండి". మధ్యలో ఆరు పాయింట్లు. తాజ్‌మహల్ ఇన్ని వందల ఏళ్ళుగా చెక్కుచెదరలేదు కాబట్టి మార్బుల్ తరతరాలకీ గ్యారంటీ. ఇటాలియన్ మాత్రమే అసలు మార్బుల్, మనది పసుపెక్కుతుంది. ఒక్కసారి సీలర్ (మరకలు ఇంకకుండా రాతికి పట్టించే ద్రవం) కొట్టిస్తే ఇక ఏ మరకా పట్టదు. మెరుపు తగ్గితే నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో తుడవండి. కింద మార్బుల్ ఉంటే ఏసీ అక్కర్లేదు. గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి వంటగట్టుకి కూడా మార్బులే వేయించండి.

వరసలో కాకుండా నాలుగో దానితో మొదలుపెడతాను. మిగతావి నమ్మితే డబ్బులు దండగ అవుతాయి, ఇది నమ్మితే ఉన్న రాయి పోతుంది.

మేము ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు పూజ గదిలో తెల్ల మార్బుల్ అరుగు కట్టించాం. రాయి అమ్మినాయన "దీనికేం కాదు సార్" అన్నాడు. మొదటి శ్రావణ శుక్రవారానికి మా అమ్మ ఇత్తడి కుందులు చింతపండుతో తోమి, సరిగా కడగకుండానే తెచ్చి ఆ అరుగు మీద పెట్టింది. మర్నాడు కుంది ఎత్తితే కింద గుండ్రంగా, పాలిష్ పోయి సున్నం పూసినట్టు ఒక మచ్చ. సబ్బు, సర్ఫ్, గోరువెచ్చటి నీళ్ళు, అన్నీ అయ్యాయి. పోలేదు. పోదు కూడా, ఎందుకంటే అక్కడ మరకేమీ లేదు, పైన మెరిసే పొరే లేకుండా పోయింది.

మార్బుల్ అంటే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ రూపం మారిన సున్నపురాయి. అందులో ఉండేది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దాని మీద పులుపు ఏది పడ్డా, నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, పెరుగు, టమాటా, రాయి కొంచెం కొంచెం కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోసినప్పుడు బుసబుసా వచ్చే నురగ చూసి "అబ్బ, మురికి ఎలా వదులుతోందో" అనుకుంటారు చూడండి, ఆ వదిలేది మీ ఫ్లోరే.

ఈ నిమ్మకాయ చిట్కా ఎక్కడి నుంచి పుట్టిందో మాత్రం నాకు అర్థమవుతుంది. పులుపు తగిలితే ఇత్తడి, రాగి తళతళలాడటం మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. పైగా మార్బుల్ పాలిష్ చేసేవాళ్ళు ఆఖరి రౌండ్‌లో ఆగ్జాలిక్ యాసిడ్ పొడి వాడతారు, అది చూసినవాళ్ళు "యాసిడ్‌తోనే కదా మెరిపిస్తారు" అంటారు. కానీ ఆ పొడి వేసే ముందు మెషిన్‌కి సానరాళ్ళు మార్చుకుంటూ ఎన్నో రౌండ్లు అరగదీసి ఉంటారు, పొడి వేశాక మెషిన్‌తో రుద్ది కడిగేస్తారు. మనం నిమ్మచెక్క తీసుకుని చేత్తో రుద్దడం ఆ పని కాదు.

చెన్నైలో దీనికి ఇంకో మెలిక ఉంది. బోరు నీళ్ళలో ఉప్పులెక్కువ కాబట్టి కుళాయి చుట్టూ, బాత్రూమ్ నేల మీద తెల్లగా గార కడుతుంది. ఆ గార వదలడానికి అమ్మే లిక్విడ్లు చాలావాటిలో యాసిడే ఉంటుంది. గార కూడా ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, కింద ఉన్న మార్బులూ అదే. ఏది గార, ఏది రాయి అని యాసిడ్‌కి తేడా తెలియదు కదా. తుడవడానికి నీళ్ళు, పులుపు గానీ ఘాటు గానీ లేని సబ్బు చాలు. తుడిచాక పొడిబట్ట వేస్తే గార కట్టే అవకాశమే తగ్గుతుంది.

ఇక సీలర్. సీలర్ పనికొచ్చేదే, నేనేం కాదనట్లేదు. రాతి సందుల్లోకి నూనె, కాఫీ, పసుపు వెంటనే ఇంకకుండా ఆపి మనకి తుడుచుకునే టైమ్ ఇస్తుంది. అంతవరకే. పులుపు పడి పాలిష్ పోవడాన్ని మామూలు సీలర్ ఆపలేదు, ఎందుకంటే ఆ దెబ్బ తగిలేది పైనే. పైగా అది అరిగిపోతుంది, మళ్ళీ మళ్ళీ కొట్టించాలి. ఒక బొట్టు నీళ్ళు వేసి చూడండి, పది నిమిషాల్లో ఆ చోటు ముదురు రంగుకి తిరిగితే సీలర్ పనైపోయినట్టే. తెల్ల మార్బుల్ గడపకి పసుపు రాద్దామనుకునేవాళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. మా ఇంట్లో గడప చెక్కదే ఉంచాం. మార్బుల్ గడప కావాలని నేను గొడవపడ్డాను, మా ఆవిడ వద్దంది, ఆవిడే రైటు.

తాజ్‌మహల్ మాట. మక్రానా రాయే, రాజస్థాన్‌ది, అద్భుతమైన రాయి. కానీ "చెక్కుచెదరలేదు" అన్నవాళ్ళు దాన్ని కాపాడటానికి ఎంత తంటాలు పడుతున్నారో చూడలేదు. చుట్టుపక్కల పరిశ్రమల పొగ వల్ల రాయి దెబ్బతింటోందని 1996లో సుప్రీంకోర్టు బొగ్గు వాడే ఫ్యాక్టరీలని గ్యాస్‌కి మారమని, మారలేకపోతే అక్కణ్ణుంచి వెళ్ళిపొమ్మని తీర్పిచ్చింది. పురావస్తు శాఖవాళ్ళు పసుపెక్కిన చోట్ల ముల్తానీ మట్టి ముద్ద పట్టించి, ఆరాక కడుగుతారు. సమాధి ఉన్న వేదిక మీదకి వెళ్ళేవాళ్ళు చెప్పులైనా విప్పాలి, వాటి మీద కవర్లయినా తొడుక్కోవాలి. అక్కడ ఎవరూ సాంబారు ఒలకబోయరు, బీచ్ నుంచి ఇసుక కాళ్ళతో రారు. ఇసుక మాట ఊరికే అనలేదు. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో మార్బుల్ 3 దగ్గర ఉంటుంది, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. బెసంట్ నగర్ బీచ్ నుంచి వచ్చి చెప్పులతో హాల్లో తిరిగితే గీతలు పడకుండా ఎలా ఉంటుంది? గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి డోర్‌మ్యాట్ వేసుకుంటే సీలర్ కన్నా అదే ఎక్కువ కాపాడుతుంది.

"ఇటాలియన్ మాత్రమే అసలు" అనేదానికి నవ్వొచ్చింది. మార్కెట్లో ఇటాలియన్ అంటే చాలాసార్లు దిగుమతి రాయి అని మాత్రమే అర్థం. క్రీమా మార్ఫిల్ స్పెయిన్‌ది, పైగా భూగర్భ శాస్త్రం లెక్కలో అది మార్బులే కాదు, సున్నపురాయి. పాలిష్ పట్టే సున్నపురాళ్ళన్నిటినీ మార్బుల్ అనడం వ్యాపారంలో పాత అలవాటు. ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలు పల్నాటి సున్నపురాయివి, 1845లో అమరావతిలో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలని తెల్లవాళ్ళు ఆయన పేరు మీద "ఎలియట్ మార్బుల్స్" అన్నారు. ఆ లెక్కన మా అమ్మమ్మ ఇంట్లో పరిచిన బేతంచెర్ల సున్నపురాయి బండలు కూడా మార్బులే, మేమే తెలియక బండలు అనుకున్నాం.

దిగుమతి రాళ్ళలో చాలావాటిని పగుళ్ళలో రెసిన్ అనే జిగురు నింపి, వెనక నెట్ అతికించి పంపుతారు. అది మోసం కాదు, పెళుసు రాయి ప్రయాణంలో విరక్కుండా చేసే ఏర్పాటు. ఆ సంగతి తెలిసి కొనాలి, అంతే. పసుపెక్కడం ఏ దేశపు రాయికైనా జరుగుతుంది. రాతిలో ఉన్న ఇనుము తుప్పు పట్టినా, తెల్ల రాయిని మామూలు సిమెంటు మీద పరిచినా, కింద నుంచి చెమ్మ ఎక్కినా రంగు తిరుగుతుంది. అందుకే మంచి మేస్త్రీ తెల్ల రాయికి తెల్ల సిమెంటు అడుగుతాడు. కొనేటప్పుడు పాలిష్ లేని వైపు నీళ్ళు కొట్టి ఆరేదాకా చూడండి, మిగతాదంతా ఆరాక కూడా తడి గీతలా మిగిలితే అక్కడ పగులున్నట్టు.

ఏసీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మార్బుల్ కాలికి చల్లగా తగలడం నిజమే, కాలిలోని వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి. గదిలో గాలి మాత్రం చల్లబడదు. మే నెలలో టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్ళకి వేడి వచ్చేది స్లాబు నుంచి, ఆ డబ్బేదో టెర్రస్ మీద పెట్టండి.

గ్రానైట్‌లో యురేనియం, థోరియం అతి కొద్దిగా ఉండటం నిజమే, మట్టిలోనూ ఉంటాయి. గాలి ఆడే వంటింట్లో గట్టు రాయి వల్ల టెన్షన్ పడాల్సినంత రేడియేషన్ ఉండదు. ఇంకో తమాషా, మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీని అందరూ గ్రానైట్ అంటారు గానీ శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కాదు, గ్యాబ్రో జాతి రాయి. ఏ పేరైనా వంటగట్టుకి నా ఓటు దానికే. రోజూ రసం, పులిహోర, పచ్చడి చేసే ఇంట్లో మార్బుల్ గట్టు వేయించడమంటే చింతపండు పిసికిన ప్రతిసారీ గుడ్డ పట్టుకుని నిలబడటమే.

బాబాయికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఆయన అప్పటికే వంటగట్టుకి కూడా తెల్ల రాయి బుక్ చేశాడట, అడ్వాన్స్ పోతుందేమోనని గోల. అదే షాపులో నల్ల రాయికి మార్చుకోమన్నాను, ఆ తెల్లది హాల్లోకి సర్దుకోమన్నాను. హాల్లో మార్బుల్ బాగుంటుంది, పాలిష్ తగ్గితే మళ్ళీ చేయించుకోవచ్చు, టైల్‌కి ఆ సౌకర్యం లేదు. మెట్లకీ బాత్రూమ్‌కీ అయితే మెరుపు పాలిష్ వద్దు, తడిస్తే జారుతుంది. "మరి పూజ గదికో?" అన్నాడు. వేయించు బాబాయ్, కానీ కుందుల కింద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టమని పిన్నికి ఇప్పుడే చెప్పు అన్నాను. మా అరుగు మీద ఆ గుండ్రటి మచ్చ ఇంకా ఉంది, పైన పళ్ళెం కప్పి ఉంచుతున్నాం.